చదివినవానికి జయము

మా వాడకట్టులో మాకు ఒక పేరు పడినది. ఎదుట ఎవరూ అనరు గాని, మేము మలుపు తిరిగిన తరువాత "రాళ్ళ గుమాస్తా పోతున్నడు" అని నవ్వుకొంటారు. వారంలో ఆరు రోజులు ఆఫీసులో కాగితాలు చూచి, ఏడవ రోజు పల్లెల వెంట రాళ్ళు చూచేవానికి ఇంతకంటె తగిన పేరు దొరకదు గనుక మాకు కోపం లేదు. ఇంట్లో మాత్రం ఈ సంగతి అంత తేలికగా పోలేదు. "ఐతారం నాడు అందరి మొగోళ్ళు అంగడికి పోయి కూరగాయలు తెస్తరు. మీరేమో బండలకు నీళ్ళు పోసి వస్తరు" అని ఇంటావిడ అన్న మాటకు ఇప్పటికీ మా దగ్గర సరైన జవాబు లేదు. ఆ జవాబు కొరకే ఈ వ్యాసం అనుకొన్నా తప్పు లేదు.

ఇందులో "మేము" అంటే నలుగురం. ఒకరు ఈ రాత వ్రాసే గుమాస్తా. రెండవవారు ఆఫీసులో మా పక్క బల్ల దగ్గర కూర్చొనే మరాఠీ మిత్రులు. మూడవవాడు మా సందులోనే ఉండి చాదర్ల కార్ఖానాలో జాబరు పని చేసే తమ్ముడు. వరుసకు తమ్ముడే గాని చేతి పనిలో మా అందరికీ అన్న. నాలుగవవాడు మా మేనల్లుడు, కాలేజీ చదువుతున్నాడు. ఫొటోలు తీయడం, దారి వెదకడం వాని వంతు. రెండు మోటారు సైకిళ్ళు, ఒక కొలత టేపు, ఒక మెత్తని బ్రష్షు, రెండు సీసాల నీళ్ళు, ఒక చేతి అద్దం, ఒక లావుపాటి నోటుబుక్కు, మధ్యాహ్నానికి జొన్నరొట్టె, శేంగా చట్నీ. ఇదే మా సరంజామా.

ఏ పల్లెకు పోయినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "నిధి కొరకు వచ్చినారా?" పాత రాయి కింద బంగారం ఉంటుందని నమ్మి, అమావాస్య రాత్రి గుంతలు త్రవ్వి, రాళ్ళు పగులగొట్టి పోయేవారు ఉన్నారు గనుక ఆ అనుమానం న్యాయమైనదే. "లేదు పాటిల్‌గారూ, రాయి మీద ఏమున్నదో చూచి వ్రాసుకొని పోతాము" అని మరాఠీలో చెప్పితే, ముసలివారు కాసేపు మా ముఖాలు చూచి, తరువాత తామే ముందు నడచి చూపిస్తారు. రాయిని చూచేవాడు వచ్చినాడంటే పల్లెలో ముసలివారికి ఎంత సంతోషమో, అది అనుభవించి తెలుసుకోవలసినదే.

ఈ పిచ్చి మాతో మొదలైనది కాదు. మన తెలుగువారికి ఇది రెండువందల ఏండ్ల నాటిది. స్కాట్లండు దేశానికి వాయవ్యంగా సముద్రంలో లూయిస్ అనే దీవి ఉన్నది. ఆ దీవిలో కాలనిష్ అనే చోట సుమారు 5,000 సంవత్సరాల క్రిందట నిలబెట్టిన పెద్ద పెద్ద రాళ్ళు వలయంగా నేటికీ నిలిచి ఉన్నవి. 1857లో వాటి చుట్టూ పెరిగిన బురదమట్టిని నిలువెత్తుకు కొంచెం తక్కువగా త్రవ్వి తీసిన తరువాతనే వాటి పూర్తి ఎత్తు లోకానికి తెలిసినది. ఆ దీవిలోనే స్టోర్నోవే పట్టణంలో 1754లో పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో మన దేశానికి సైనికోద్యోగిగా వచ్చి, 1815లో భారతదేశానికంతటికీ మొదటి సర్వేయరు జనరల్ అయినాడు. భూమి కొలిచే ఉద్యోగంలో ఉండి ఆయన రాళ్ళు, శాసనాలు, కైఫీయతులు పోగుచేసినాడు. 1821లో ఆయన చనిపోయేనాటికి ఆ పోగులో శాసనాల నకళ్ళే 8,076.

ఈ సంఖ్య విని మెకంజీ దొరను పొగడేవారు, ఆ రాళ్ళను చదివినది ఎవరని అడగడం మరచిపోతారు. దొరకు మన భాషలు రావు. చదివినవారు ఏలూరు నుండి వచ్చిన కావలి సోదరులు: వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి. బొర్రయ్య ఊరూరు తిరిగి, పూజారులను, కరణాలను మంచి చేసుకొని, ఎవరూ చదవలేని పాత కన్నడ అక్షరాలను విప్పినాడు. 1803లో చిన్న వయసులోనే పోయినాడు. ఆయన పని లక్ష్మయ్య ఎత్తుకొన్నాడు. మెకంజీ చనిపోయిన తరువాత, మిగిలిన పని తనకు అప్పగించమని లక్ష్మయ్య 1830లలో కోరితే, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు అది ఒక దేశీయుని వల్ల అయ్యే పని కాదన్నారు. ఇరవై ఏండ్లకు పైగా ఆ పనే చేసినవానికి ఆ పని రాదన్నారు! మెట్రిక్ చదివి ఆఫీసులో పై అధికారుల నోటులు శుభ్రంగా తిరగవ్రాసే మావంటివారికి ఈ కథ కొంచెం దగ్గరగా తగులుతుంది.

ఇక మన షోలాపురం సంగతి. దూరం పోనక్కరలేదు. మన కోటనే చూడండి. బహమనీల నాటి కోట. మనలో ఎవరు చిన్నతనంలో దాని పక్క తోటకు పోయి బఠాణీలు తినలేదు? కాని ఎందరు గోడ దగ్గర నిలబడి రాళ్ళను చూచినారు? ఆ గోడలలో అక్కడక్కడ చెక్కడపు పని ఉన్న రాళ్ళు కనబడుతాయి. అవి అంతకు ముందటి గుళ్ళ రాళ్ళు. కోట లోపల ఒక పాత ఆలయపు స్తంభాలు, పునాది నేటికీ ఉన్నవి. కోట వెనుక చెరువు, చెరువు మధ్య సిద్ధేశ్వరుడు. 12వ శతాబ్దంలో ఈ ఊరికి సొన్నలిగె అని పేరున్న కాలంలో, సిద్ధరాముడనే పసివాడు మల్లయ్యను వెదకుతూ శ్రీశైలం దాకా నడిచి పోయినాడని ఆయన కథ చెప్తుంది. తిరిగి వచ్చి ఈ ఊరి చుట్టూ అరువదెనిమిది లింగాలు స్థాపించినాడని నమ్మకం. సంక్రాంతి గడ్డ జాతరలో నందిధ్వజాలు ఆ లింగాలను చుట్టి వచ్చేది అందుకే. మన తాతలు బ్రతుకు తెరువు కొరకు తెలంగాణా నుండి షోలాపురం నడిచి వచ్చినారు. వారికి కొన్ని వందల ఏండ్లకు ముందే ఒక పిల్లవాడు దేవుని కొరకు షోలాపురం నుండి తెలుగుదేశానికి నడిచి పోయినాడు. దారి పాతదే.

ఊరు దాటి పొలాలలోకి పోతే ఎక్కువగా దొరికేవి వీరగల్లులు. మరాఠీలో వీరగళ అంటారు. చూడడం తెలియనివారికి అవి మారుతి గుడి ముందు సున్నం పూసిన బండలు. తెలిసినవారికి అవి కథలు. కింది నుండి పైకి చదవాలి. అట్టడుగు అంతస్తులో యుద్ధం. కొన్నింటిలో ఆవులు కూడా ఉంటాయి. అంటే ఊరి పశువులను దొంగలు తోలుకొని పోతుంటే అడ్డుపడి చనిపోయినవాని రాయి అన్నమాట. దాని పైన అప్సరసలు చెరొక పక్క నిలిచి వీరుని పైకి తీసుకొని పోతుంటారు. ఆ పైన వాడు శివలింగం ముందు చేతులు జోడించి కూర్చొని ఉంటాడు. అన్నింటికీ పైన సూర్యుడు, చంద్రుడు. "ఆచంద్రార్కము" అనే మాట మన పెద్దలు పత్రాలలో వ్రాసేవారు. ఆ మాటకు బొమ్మ అదే. సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఈ పేరు నిలవాలని కోరిక.

దానపు రాళ్ళు మరొక రకం. వాటి మీద కూడా సూర్యచంద్రులుంటారు. మధ్య వ్రాత, కింద కొన్నింటిలో గాడిద బొమ్మతో ఒక శాపం. ఇచ్చిన భూమిని కాజేసినవానికి తగిలే ఆ శాపం బొమ్మను కుటుంబ పత్రికలో వర్ణించడం బాగుండదు గనుక వదలివేస్తున్నాము. కోర్టులు, స్టాంపు కాగితాలు లేని కాలంలో అదే రిజిస్ట్రేషను.

సతీ రాళ్ళను చూచినప్పుడు మాత్రం మా నలుగురికీ నోట మాట రాదు. ఒక స్తంభం, దాని నుండి పైకి లేచిన ఒక చేయి, చేతికి గాజులు. అంతే. ఒకసారి మేనల్లుడు అటువంటి ఫొటో ఇంట్లో చూపితే, అప్పటి వరకు మా రాళ్ళ వైపు కన్నెత్తి చూడని ఇంటావిడ బీడీల చాట పక్కన పెట్టి, ఫోను చేతికి తీసుకొని చాలాసేపు చూచినది.

"ఆమె పేరు రాసిండ్రా?" అని అడిగినది.

"లేదు."

"ఆయన పేరు?"

"పక్క రాయి మీద ఉన్నది. సగం చెరిగిపోయింది."

"గాజులు చెక్కనీకి జాగ దొరికింది గాని పేరు చెక్కనీకి దొరకలేదా?" అని ఫోను తిరిగి ఇచ్చినది. ఆ నాటి నుండి మా నోటుబుక్కులో ఒక గడి పెరిగినది: "స్త్రీ పేరు ఉన్నదా?" ఇంతవరకు ఆ గడిలో "ఉన్నది" అని వ్రాయగలిగిన సందర్భాలు వ్రేళ్ళ మీద లెక్కించవచ్చును.

నోటుబుక్కు సంగతి వచ్చినది గనుక మా పని పద్ధతి కొంచెం చెప్తాము. గుమాస్తా బుద్ధి గనుక రిజిస్టరు మాదిరి గడులు గీసినాము. ఊరు, చోటు, రాయి ఎత్తు వెడల్పు, ముఖం ఏ దిక్కుకు, ఎన్ని అంతస్తులు, అక్షరాలు ఉన్నవా, ఏ లిపి, ఊరివారు దానిని ఏమంటారు, ఎవరు పూజిస్తారు. రాయిని గీకకూడదు. పసుపు, సున్నపు పొడి, చాకుపీసు రాయకూడదు. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, నీళ్ళు చల్లి, ఎండ అడ్డంగా పడే వేళ కొరకు కాచుకోవాలి. ఉదయం ఏడు గంటలకు కనబడిన అక్షరం పన్నెండు గంటలకు మాయమవుతుంది. ఎండ ఎదురుగా ఉంటే చేతి అద్దంతో వెలుతురును పక్కనుండి పడేటట్లు తిప్పాలి. పండితులు తడి కాగితం రాయికి అంటించి, బ్రష్షుతో కొట్టి, పైన సిరా గుడ్డతో అద్ది అచ్చు తీస్తారు. చెక్కిన చోట తెలుపు, మిగిలిన చోట నలుపు వస్తుంది. ఆ అచ్చును ఒకసారి చూచి మా జాబరు తమ్ముడు "ఇది మన జకార్డు అట్టల లెక్కనే ఉన్నది గదా" అన్నాడు. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ లెక్కతోనే చాదరు మీద నెమలి పురి విప్పుతుంది. వానికి పాత కన్నడం రాదు, దేవనాగరి కూడా అంతంత మాత్రమే. కాని కన్నులు మూసుకొని వ్రేలితో తడిమి, పంక్తి ఎక్కడ మొదలై ఎక్కడ తెగినదో చెప్పగలడు. తెగిన పోగును వెదకి వెదకి వచ్చిన వ్రేళ్ళు గదా.

మా తిరుగుళ్ళలో మేము మరువలేనిది హత్తర్‌సంగ్ కుడల్. షోలాపురానికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లు. భీమానది, సీనానది కలిసేచోట సంగమేశ్వరుని గుడి, హరిహరేశ్వరుని గుడి. హరిహరేశ్వరాలయం చాలా కాలం మట్టిలో కప్పబడి ఉండి, త్రవ్విన తరువాత బయటపడినది. అక్కడ దొరికిన శివలింగం చుట్టూ వరుసలు వరుసలుగా 359 చిన్న చిన్న ముఖాలు చెక్కి ఉన్నవి. లింగంతో కలిపి 360 అని లెక్క చెప్తారు. ఒక్కొక్క ముఖం ఒక్కొక్క తీరు. మా తమ్ముడు దాని ముందు కూర్చొని, "దీనికి డిజైను వేసినోడు ఎంత ఓపిక గలోడు" అని దండం పెట్టినాడు.

అసలు సంగతి సంగమేశ్వరాలయంలో ఉన్నది. అక్కడి శాసనానికి శకం 940 అని కాలం ఉన్నది. శకానికి 78 కలిపితే మన క్రీస్తు శకం వస్తుంది. అంటే 1018. ఈ శాసనాన్ని వెలుగులోకి తెచ్చినవారు మన షోలాపురం వారే, శాసనాల వెంట ఊరూరు తిరిగిన ఆనంద్ కుంభార్ గారు. దాని చివర ఒక చిన్న మరాఠీ వాక్యం ఉన్నది. కాలం తెలిసిన మరాఠీ వాక్యాలలో అతి పాతవాటిలో అది ఒకటి. దాని అర్థం ఇది: దీనిని చదివినవాడు విజయం పొందుతాడు.

మా మరాఠీ మిత్రులు ఆ వాక్యాన్ని మొదట మెల్లగా, తరువాత గట్టిగా చదివినారు. వేయి ఏండ్ల నాటి మాట, తన తల్లి మాట్లాడే భాషలో, తన చెవిన పడేసరికి ఆయన కండ్లు తడిసినవి. మేము మాట్లాడకుండా నిలబడినాము. శాసనాలలో శాపాలు చాలా చూచినాము. రాయిని పగులగొట్టినవానికి శాపం, భూమి దొంగిలించినవానికి శాపం. కాని చదివినవానికి దీవెన ఇచ్చిన రాయిని మేము చూడడం అదే మొదలు. కట్టించినవాడు తన కొరకు ఏమీ అడుగలేదు. తన తరువాత వచ్చే, ముఖం తెలియని చదువరికి జయం కలగాలని కోరినాడు.

అప్పుడు మా తమ్ముడు అడిగినాడు: "మరి చదవరానోనికి ఏం రాసిండన్నా?"

నవ్వులాటకు అడిగిన ప్రశ్న కాదు. ఏడవ తరగతిలో బడి మాని కార్ఖానాకు పోయినవాడు అడిగిన ప్రశ్న. మేము ఎవరమూ జవాబు చెప్పలేదు.

తిరుగుదారిలో చెట్టు కింద రొట్టె విప్పినప్పుడు మిత్రులు అడిగినారు: "మీ తెలుగు రాళ్ళు ఎంత పాతవి?" అప్పుడు మేము చెప్పినాము. కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుల శాసనం 575 ప్రాంతం నాటిది, తెలుగు మాటలతో సాగిన శాసనాలలో మొదటిదని పండితులు ఎంచేది. అది రాయలసీమలో. కాని మన షాలీలలో చాలామంది పూర్వులు విడిచి వచ్చిన కరీంనగరు జిల్లాలోనే మరొక రాయి ఉన్నది. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట. 10వ శతాబ్దంలో వేములవాడ చాళుక్య రాజు రెండవ అరికేసరి ఆస్థానంలో కన్నడ ఆదికవి పంపడు ఉండేవాడు. ఆ పంపని తమ్ముడు జినవల్లభుడు ఆ గుట్ట బండ మీద జైన తీర్థంకరులను, చక్రేశ్వరీ దేవిని చెక్కించి, పక్కన శాసనం వేయించినాడు. సంస్కృతంలో, కన్నడంలో, తెలుగులో. తెలుగులో ఉన్నవి కంద పద్యాలు. నన్నయగారికి సుమారు వంద ఏండ్లు ముందు, మన తాతల జిల్లాలో, ఒక బండ మీద కందం! మన తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఈ రాయి పేరు కూడా గట్టిగా వినబడినది.

మిత్రులు ఆశ్చర్యపడి, "ఒక్క బండ మీద మూడు భాషలు ఎందుకు?" అన్నారు. మాకు ఆశ్చర్యం కలుగలేదు. మా పేటలో ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, అంగడిలో కన్నడం. జినవల్లభుని ఊరు కూడా మా పేట వంటిదే అయి ఉంటుంది. ఎవరు వచ్చినా తనకు వచ్చిన భాషలో చదువుకోవాలని వ్రాయించినాడు.

తరువాత వేములవాడ రాజన్న మొక్కు తీర్చుకొనే నిమిత్తం కుటుంబంతో పోయినప్పుడు ఆ గుట్టకు కూడా పోయి వచ్చినాము. ఇంటావిడ కూడా ఎక్కినది. బండ మీది చక్రేశ్వరిని చూచి, "ఈమెకు పేరున్నది" అని తృప్తిపడినది. కాని ఆ జిల్లా దారిలో ఎటు చూచినా గ్రానైటు క్వారీలు. నున్నగా కోసిన బండలు లారీల మీద రేవులకు పోతున్నవి. మనిషి వేయి ఏండ్లు కాపాడిన గుట్టకు, రాయికి ధర పెరిగిన కాలమే అపాయం తెచ్చినది.

పల్లెలలో అపాయం వేరు విధం. దొంగలకంటె ఎక్కువగా రాళ్ళను పోగొట్టేది మంచి ఉద్దేశమే. గుడి బాగుచేద్దామని చందా పోగుచేసి, పాత రాళ్ళ మీద ఆయిలుపెయింటు పూస్తారు. దారి వెడల్పు చేద్దామని వీరగల్లును పునాదిలో కలుపుతారు. ఒక ఊరిలో మేము మొదటిసారి పోయినప్పుడు బావి పక్క నిలబడి ఉన్న మూడంతస్తుల వీరగల్లు, రెండవసారి పోయేసరికి లేదు. కొత్త దారి కింద ఉన్నదని ఒకరు, కంకర యంత్రానికి పోయినదని ఒకరు అన్నారు. మా నోటుబుక్కులో దాని ఎత్తు, వెడల్పు, ఆవుల సంఖ్య, ఒక ఫొటో మిగిలినవి. ఎవరి ఆవుల కొరకో చచ్చినవాడు రెండవసారి చచ్చినాడు. వాని తరఫున సాక్ష్యం చెప్పడానికి మా గీతల కాగితం ఒక్కటే ఉన్నది.

ఇంతవరకు చెప్పినది ఊరి బయటి మాట. మన పేట మాట చెప్పకపోతే ఈ వ్యాసం వ్రాసి ప్రయోజనం లేదు.

మా సందులో ఒక పాత ఇల్లు ఉండేది. ముందు అరుగు, అరుగు మీద ఒక పెద్ద రాతి బండ. మా చిన్నప్పుడు దాని మీద కూర్చొని కండెలు చుట్టేవారు, ముసలివారు చుట్ట కాల్చేవారు. ఆ ఇంటివారు మొన్న దానిని పడగొట్టి అంతస్తుల ఇల్లు మొదలుపెట్టినారు. గడ్డపారతో లేపేటప్పుడు బండ రెండు ముక్కలయినది. పై ముక్క ఆ రోజే రాళ్ళు మట్టితో కలిసి ట్రాక్టరులో పోయినది. కింది ముక్క తిరగబడి, అడుగు పక్కన ఉన్న అక్షరాలు బయటపడినవి. ఎప్పుడో అరుగు బాగుచేసినప్పుడు మేస్త్రీ బోర్లా వేసి ఉంటాడు. కాబట్టి అన్ని ఏండ్లు ఎవరికీ కనబడలేదు.

ఇంటి మనుమలు ఇద్దరూ దాని చుట్టూ మూగినారు. ఒకడు ఇంజనీరు, ఒకడు బ్యాంకు ఉద్యోగి. ఇద్దరికీ మరాఠీ, ఇంగ్లీషు ధారాళంగా వచ్చును. తెలుగు మాట్లాడుతారు గాని ఒక్క అక్షరం చదువలేరు. అంకెలు మాత్రం గుర్తుపట్టి, "మామా, 1342 అని ఉన్నది. ఇది కోటంత పాతది!" అని పరుగెత్తుకొని వచ్చినారు.

మేము పోయి నీళ్ళు చల్లి చూచినాము. తెలుగు అక్షరాలే. ఉన్నది ఇంత: "... జ్ఞాపకార్థము ఎండన వచ్చినవారు కూర్చొనుటకు వేయించిన బండ", దాని కింద కరీంనగరు జిల్లాలోని ఒక ఊరి పేరు, "ఫసలీ 1342". ఫసలీ అంటే నిజాం రాజ్యపు లెక్క. దానికి 590 కలిపితే 1932. బ్రిటిషువారి షోలాపురంలో మిల్లు కూలికి వచ్చినవాడు కూడా తన బండ మీద తన ఊరి లెక్కనే వేసుకొన్నాడు. కాలు ఇక్కడ పెట్టినాడు గాని పంచాంగం అక్కడిదే.

ఆ ఇంటి పెద్దమ్మకు ఎనభై దాటినవి. కుర్చీ వేసుకొని కూర్చొని, "ఏమున్నది బిడ్డా?" అని అడిగినది. చదివి వినిపించినాము. ఊరి పేరు విని, "గదా మా ఊరు! మా ఆయన బతికున్నన్ని దినాలు తెలంగాణం అనుడే గాని ఊరి పేరు ఎవ్వలకు యాది లేకుండె" అన్నది. మనుమలు అక్కడికక్కడే ఫోనులో ఆ ఊరు వెదకి తీసినారు. దారి కూడా చూపించినది.

"మా అత్త పేరు మీద ఏసిండు మా మామ ఈ బండ. మా ఆయనకు రెండేండ్లప్పుడే పోయిందట ఆమె. ఆమె పేరు ఉన్నదా బిడ్డా?"

పేరు పై ముక్క మీద ఉండినది.

"మీకు తెలియదా పెద్దమ్మా?" అని అడిగినాము.

"అత్త పేరు కోడలు ఎట్ల తీస్తది బిడ్డా? నన్ను ఎవ్వరు అడగలే, నాకు ఎవ్వరు చెప్పలే."

మేనల్లుడు, ఆ ఇంటి మనుమలు కలిసి మట్టి పోసిన చోటుకు పోయి, రెండు రోజులు వెదకినారు. అప్పటికే దాని మీద ఇంకా పది బండ్ల మట్టి పడినది. దొరకలేదు. ఊరు మిగిలినది, సంవత్సరం మిగిలినది, ఎవరి కొరకు వేయించినాడో ఆ మనిషి పేరు పోయినది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పితే ఇంటావిడ ఏమీ అనలేదు. రాత్రి అన్నం తినే వేళ, "మీ అమ్మమ్మ పేరు పిల్లలకు చెప్పిండ్రా?" అని మాత్రం అడిగినది. ఆ రాత్రే చెప్పినాము.

కింది ముక్కను ఆ ఇంటివారు కొత్త గోడలో, వాకిలి పక్కన, అక్షరాలు బయటికి కనబడేటట్లు పెట్టించినారు. అది వారి గొప్పతనం. ఇంజనీరు మనుమడు ప్రతి గురువారం రాత్రి మా ఇంటికి వచ్చి మా తమ్మునితో కలిసి అ ఆలు దిద్దుతున్నాడు. అవును, తమ్ముడు కూడా. కుడల్‌లో తాను అడిగిన ప్రశ్నకు తానే జవాబు వెదకుకొంటున్నాడని మేము అనుకొంటాము, ఆయనతో ఆ మాట అనము.

చదువరులారా, రాయి గట్టిదని లోకం అనుకొంటుంది. మేము చూచినంతలో రాయికంటె చదువరి ముందు పోతాడు. చదువరి పోయిన తరువాత రాయి ఉండీ లేనట్లే. కుడల్ రాయి చదివినవానికి జయమన్నది గాని, నిజానికి జయం రాయికే. వేయి ఏండ్ల తరువాత కూడా దానికి చదివే నోరు దొరికినది. మన పేట రాతలకు వంద ఏండ్లు కాకముందే నోరు కరువవుతున్నది. ఈ పత్రిక మీ ఇంటికి ప్రతి నెల వస్తుంది. దీనిని చదవగలిగిన పిల్లలు మీ ఇంట్లో ఎందరున్నారో ఒకసారి లెక్కించండి.

ఇది పండితులే చేయవలసిన పని కాదు. మెకంజీ పుట్టిన స్కాట్లండులోనే 2017 నుండి 2021 వరకు రాతి చెక్కడాల పథకం ఒకటి నడిచినది. పండితులతో పాటు పల్లె ప్రజలు, పింఛనుదారులు శిక్షణ పొంది, పొలాలలో తిరిగి, 5,000 ఏండ్ల నాటి బండల మీది గుంటలను, వలయాలను కొలిచి, ఫొటోలు తీసి నమోదు చేసినారు. వారికి సాధ్యమైనది మనకు కాదా? లక్ష్మయ్యగారికి పని రాదన్న రోజులు పోయినవి. ఇప్పుడు ఎవరూ మనలను ఆపడం లేదు.

కనుక మా విన్నపం ఇంతే. ఈ దసరా సెలవులలో మీ ఇంటి ద్వారబంధం మీద, బావి మీద, గుడి మెట్ల మీద, తాతగారి మగ్గపు కర్ర మీద, ఇత్తడి బిందె మూతి మీద ఏ అక్షరం ఉన్నా సున్నం కింద నుండి తీయండి. గీకవద్దు, తడిబట్టతో తుడవండి. ఉన్నది ఉన్నట్లు, తప్పుతో సహా వ్రాసుకోండి. శకమైతే 78, ఫసలీ అయితే 590 కలపండి. ఫొటో తీయండి. పల్లెలో పాత రాయి కనబడితే ఇంటికి తేవద్దు. అది చట్ట విరుద్ధం, అంతకంటె ముఖ్యంగా దాని ఊరు దానికి కావాలి. ఇల్లు పడగొట్టవలసి వస్తే, పలుగు పడకముందు ప్రతి బండను తిరగవేసి చూడండి. పెద్దవారు ఇంకా ఉండగానే, ఆడవారి పేర్లు ముందుగా అడిగి వ్రాయండి. వచ్చిన కాగితాలను సంఘం ఆఫీసులో ఇవ్వండి. ఒక రిజిస్టరుకు గడులు గీసి సిద్ధంగా ఉంచినాము. గుమాస్తా పని మాకు ఎటూ వచ్చును గదా.